శబరి ఒడ్డున వాక్యమూ పురాణమూ

భద్రాచలం దాటి చింతూరు దారి పట్టినవాడికి రామాయణం ఊళ్ల పేర్లలోనే ఎదురవుతుంది. ఎటపాక దగ్గర జటాయువు కూలాడంటారు. దుమ్ముగూడెం మండలం పర్ణశాలకు వెళ్తే సీతమ్మ చీరలు ఆరేసుకున్న బండలివేనని చూపిస్తారు. శబరి గోదావరిలో కలిసే కూనవరం దరిదాపుల్లో శ్రీరామగిరి ఉంది. చింతూరును ఆనుకుని పారే ఏటి పేరే శబరి. వాల్మీకిని అడిగితే శబరి ఉన్నది పంపాతీరాన, మతంగాశ్రమంలో అంటాడు. ఆ పంప హంపి దగ్గరుందని చాలామంది నమ్మకం. పంచవటి నాసిక్ దగ్గరిదని ఇంకొందరి వాదం. ఈ వాదాలేవీ ఇక్కడ ఎవరి నిద్రా చెడగొట్టవు. కథ జరిగింది ఇక్కడే, కావాలంటే బండ మీద చార చూసుకోమంటారు.

ఆ దుమ్ముగూడెంలోనే 1860 ప్రాంతంలో ఇంకో గ్రంథం పడవ దిగింది. కాటన్ దొర కింద పనిచేసిన ఇంజనీరు హేగ్, ఎగువ గోదావరిలో పడవలు నడిపించే పని చూస్తూనే, చర్చ్ మిషనరీ సొసైటీ వాళ్లు ఇక్కడ కోయ మిషన్ పెట్టడానికి కారకుడయ్యాడు. తర్వాత వచ్చిన జాన్ కెయిన్ చాలా ఏళ్లు ఇక్కడే ఉండిపోయాడు. భద్రాచలం, రేకపల్లి తాలూకాల జనం గురించి 1870ల్లో ‘ఇండియన్ యాంటిక్వరీ’లో ఆయన రాసిన వ్యాసాలను, కోయల చరిత్ర రాసేవాళ్లు ఇప్పటికీ తిరగేస్తూనే ఉంటారు. లూకా సువార్త 19వ శతాబ్దంలోనే కోయ భాషలో అచ్చయింది. పడవల పథకాన్ని సర్కారు మధ్యలో వదిలేసింది కానీ సువార్త మాత్రం నిలిచింది.

ఒకే మండలంలో పర్ణశాల, కోయ మిషన్ రెండూ ఉండటం కాకతాళీయమే. అయినా పవిత్ర గ్రంథాన్ని రోజువారీ బతుక్కి అన్వయించే పని ఈ రెండు సంప్రదాయాల్లో ఎందుకు వేర్వేరుగా నడుస్తుందో చూడటానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు. పురాణం చెప్పేవాడికి కథ ఇక్కడిదే. వినేవాడి ఊరు, ఏరు, కొండ అప్పటికే గ్రంథంలో ఉన్నాయి. వాక్యం చెప్పేవాడికి కథ ఎక్కడిదో. యొర్దాను, గలిలయ, కొరింథు వినేవాడెప్పుడూ చూడని చోట్లు. కాబట్టి ఆయన ప్రతి ఆదివారం ఆ దూరాన్ని తన గొంతుతో దాటించాలి. పురాణికుడికి అన్వయం ఒక విలాసం, పాస్టరుగారికి అది నిత్యావసరం. ఈ తేడాను మనసులో పెట్టుకుని చూస్తే ఇద్దరి బలాలూ బలహీనతలూ చాలావరకు ఇక్కడినుంచే మొదలవుతున్నట్టు నాకు అనిపిస్తుంది.

పురాణ ప్రవచనం ఎలా నడుస్తుందో తెలుగు పాఠకుడికి చెప్పనక్కరలేదు. పద్యమో శ్లోకమో రాగంలో ఎత్తుకోవడం, పదం విడదీయడం, తాత్పర్యం, మధ్యలో ఒక పిట్టకథ, దానిలోంచి కోడళ్ల మీదో అల్లుళ్ల మీదో ఒక చురక, మళ్లీ వదిలిన చోటికి. చురక తగిలినవాడు నవ్వుతాడు, పక్కవాడి వైపు చూస్తాడు. ఎవరూ లేచి నిలబడి నేను మారతానని చెప్పక్కరలేదు. ఉషశ్రీగారు ఆకాశవాణి విజయవాడ కేంద్రంలో ధర్మసందేహాలు చెప్పిన కాలంలో జనం ఉత్తరాలు రాసి అడిగేవారు, ఆయన జవాబిచ్చేవారు. మల్లాది చంద్రశేఖరశాస్త్రిగారిదీ ఆ బాటే. అక్కడ అన్వయం అడిగితే వచ్చేది. సందేహం శ్రోతది, సమాధానం గ్రంథానిది, మధ్యలో పెద్దాయన.

క్రైస్తవ ప్రసంగంలో ఎవరూ అడగరు, అయినా వస్తుంది. వాక్యభాగం చదివి, సందర్భం చెప్పి, రెండు మూడు తలంపులు పంచి, చివరికి మరి మన సంగతేమిటి అనే దగ్గరికి రావాల్సిందే. ఇందులోనూ రెండు దారులున్నాయి. సీఎస్ఐ సంఘాల్లో ఏ ఆదివారం ఏ పాఠాలు చదవాలో ముందే నిర్ణయమై ఉంటుంది. అయ్యగారు తనకు నచ్చినా నచ్చకపోయినా ఆ పాఠం ముందు నిలబడాలి, దాన్ని ఊరివైపు తిప్పాలి. రేకుల కప్పు కింద నడిచే స్వతంత్ర సంఘాల్లో వరస తిరగబడుతుంది. ముందు వారం జరుగుతుంది: ఎవరికో జ్వరం తిరగబెట్టింది, ఎవరి కొడుకో ఆశ్రమ పాఠశాల నుంచి పారిపోయి వచ్చాడు, ఎవరింటి ఎద్దో చచ్చిపోయింది. ఆ తర్వాత దానికి తగిన వాక్యం వెతుక్కుంటారు. మొదటి పద్ధతిలో గ్రంథం ఊరిని ప్రశ్నిస్తుంది, రెండోదానిలో ఊరు గ్రంథాన్ని ప్రశ్నిస్తుంది. రెండో పద్ధతి ఉషశ్రీగారి ఉత్తరాల పెట్టెకు దగ్గరి చుట్టం. ఇది పాస్టర్లకూ పండితులకూ ఇద్దరికీ నచ్చని పోలికేమో, కానీ చుట్టరికం చుట్టరికమే.

గ్రంథంలో లేనిది గ్రంథంలోకి రావడం రెండు వైపులా ఉంది. వాల్మీకి శబరి రాముడి కోసం అడవి ఫలాలు సేకరించి ఉంచిందే కానీ కొరికి రుచి చూడలేదు. ఎంగిలి పండ్ల కథ తర్వాతి భక్తుల చేర్పు. వారధికి ఇసుక మోసిన ఉడుతా వాల్మీకిలో లేదు, మన 13వ శతాబ్దపు రంగనాథ రామాయణంలో ఉంది. అలాగే తూర్పు జ్ఞానులు ముగ్గురని మత్తయి ఎక్కడా లెక్క చెప్పలేదు. యెరూషలేముకు సూదిబెజ్జం అనే చిన్న ద్వారం ఉండేదని, ఒంటె మూట దించి, మోకాళ్ల మీద వంగితే అందులోంచి దూరగలిగేదని ఎన్నో ప్రసంగాల్లో వినిపిస్తుంది. అలాంటి ద్వారం ఉన్నట్టు ఆధారం లేదు. ఇవన్నీ అన్వయం కోసం పుట్టినవే. చెప్పేవాడికి మూలం చాలనప్పుడు, వినేవాడి అవసరమే ఒక పాత్రనో ఒక ద్వారాన్నో పుట్టిస్తుంది.

కానీ చేర్పులన్నీ ఒకటి కాదు. ఎంగిలి పండు కింద ఉన్నవాళ్లను పైకి తెచ్చింది. సూదిబెజ్జం ద్వారం డబ్బున్నవాడికి సందు చూపించింది. అలాగని పురాణం పక్షాన తీర్పు చెప్పేయడానికి వీల్లేదు. ఏకలవ్యుడి బొటనవేలు దగ్గరికి వచ్చేసరికి ఎంతమంది ప్రవచనకర్తలు ద్రోణుణ్ణి కాపాడటానికి గురుభక్తి, రాజధర్మం అంటూ ద్వారాలు కట్టలేదు? కోయ, కొండరెడ్డి పిల్లలు కూర్చున్న సభలో ఆ కథ చెప్పేటప్పుడు గురుదక్షిణ గొప్పతనంతో ముగిస్తే వాళ్లు ఏం పట్టుకుని ఇంటికెళ్తారో చెప్పేవాడు ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఇక్కడ ఆదివారం ప్రసంగానిది పైచేయి. విధవరాలి రెండు కాసుల కథను ఎంత చేయి తిరిగిన వక్త అయినా మెత్తబరచలేడు. కాసులు రెండే, ఆమెకున్నదంతా అవే. మార్కు అంతకన్నా ఏమీ చెప్పడు. చెప్పకపోవడమే ఆ కథకు బలం.

ఇచ్చే చేతుల దగ్గర రెండు సంప్రదాయాలూ ఒకే అరుగు మీద కూర్చుంటాయి. భద్రాద్రి రాముడు తొలుత దొరికింది పోకల దమ్మక్కకని, తాటిపండు నైవేద్యం పెట్టిందని స్థలపురాణం. గోపన్న గుడి కట్టడం ఆ తర్వాతి సంగతి. కోయ మిషన్ తదనంతర కాలంలో చేరిన డోర్నకల్ అధ్యక్ష మండలానికి 1912లో బిషప్పైన వి.యస్. అజరయ్య కానుక గురించి పుస్తకమే రాశాడు. ఆ అధ్యక్ష మండలపు పల్లెల్లో వంటకు బియ్యం పోసేముందు గుప్పెడు తీసి దేవుని కుండలో వేయడం, కోతల పండుగకు ధాన్యం, కోళ్లు, మేకలు తెచ్చి సమర్పించడం అలవాటయ్యాయి. రూపాయి చేతిలో ఆడని ఇళ్లకు ఇవ్వడం ఎలాగో నేర్పిన పద్ధతి అది. ప్రసంగంలో చెప్పింది పొయ్యి దగ్గరికి చేరడమంటే నా దృష్టిలో ఇదే. దమ్మక్క తాటిపండూ ఈ గుప్పెడు బియ్యమూ ఒక కొలతవే. తేడా అల్లా, దమ్మక్క ఒకసారి ఇచ్చి కథైపోయింది, ఈ ఇల్లాలు రోజుకు రెండుసార్లు ఇచ్చి లెక్కలోకి రాకుండా పోయింది.

తునికాకు రోజుల సంగతి చూద్దాం. ఏప్రిల్, మే ఎండల్లో తెల్లవారకముందే ఇంటిల్లిపాదీ అడవిలో ఉంటారు. ఎండ ముదిరేలోగా ఆకు కోసి, నీడలో కూర్చుని యాభై ఆకుల చొప్పున కట్టలు కట్టి, సాయంత్రం కల్లానికి మోసుకెళ్తారు. వెయ్యి కట్టలు ఒక ప్రామాణిక సంచి. కల్లం దగ్గర ఆకు కొనే కల్లేదారు కట్ట విప్పి చూస్తాడు. చిల్లు పడ్డ ఆకు, మరీ లేత ఆకు తీసి పక్కన పారేస్తాడు, కట్ట తక్కువైందంటాడు. డబ్బు కట్టను బట్టే. ఎంత కోస్తే అంత, ఒక్క కట్ట ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఈ లెక్కలో పుట్టి పెరిగినవాళ్ల ముందు మత్తయి 20వ అధ్యాయం చదివి చూడండి. తెల్లవారగానే తోటలోకి దిగినవాడికీ సాయంత్రం ఒక గంట ముందు వచ్చినవాడికీ యజమాని ఒకే దేనారం ఇచ్చాడు. పొద్దుటివాళ్లు సణిగారు. సణగరా మరి!

చాలామంది బోధకులు ఈ ఉపమానాన్ని ఆత్మీయార్థంలోకి ఎత్తేస్తారు. ముసలితనంలో రక్షణ పొందినవాడికీ బాల్యం నుంచి సంఘంలో ఉన్నవాడికీ ఒకే పరలోకమంటారు. అది తప్పు అన్వయం కాదు, సంఘాలు తరతరాలుగా చెప్పుకుంటున్నదే. కానీ కల్లం దగ్గర నిలబడి విన్నవాడికి కథలోని మొదటి దెబ్బ తగలకుండా పోతుంది. ఇక్కడ కూలి అంటే పనికి తూకం. ఆ యజమాని మాత్రం కూలి అంటే ఆ రాత్రి ఇంట్లో పొయ్యి వెలిగేంత అన్నట్టు ఇచ్చాడు. ఎవరూ పిలవకపోవడం వల్లే సాయంత్రం దాకా సంతలో నిలబడ్డామని ఆ చివరివాళ్లు చెప్పిన జవాబు దగ్గర ఆగే బోధకుడు ఈ కొండల్లో దొరికితే ఆ ఆదివారం కల్లేదారుకూ చెవులు గింగురుమంటాయి. పురాణంలో దీనికి జోడీ ఉడుతే. వానరులు బండలు మోస్తే అది ఒంటికంటిన ఇసుక దులిపింది, రాముడు దాన్నే నిమిరాడు. రెండు కథల్లోనూ పనికీ ప్రతిఫలానికీ మధ్య లెక్క కుదరదు. అయితే ఉడుత కథలో వానరులెవరూ సణగరు, ఉపమానంలో పనివాళ్లు సణుగుతారు. పురాణం ముచ్చటపడి ఊరుకుంటుంది, సువార్త తగాదాను తెరిచి వదిలేస్తుంది. ముచ్చట ఇష్టమైన రోజున నాకు ఉడుత నచ్చుతుంది, కూలి డబ్బు అందని రోజున ఆ సణుగుడే నచ్చుతుంది.

సంతలో తూకం గురించి ఒక మాట. ఆమోసు ప్రవక్త 8వ అధ్యాయంలో కొలపాత్ర చిన్నదిగా చేసి నాణెం పెద్దదిగా చేసే వర్తకులను తిట్టిపోశాడు. చింతపండు, ఇప్పపువ్వు తెచ్చినవాళ్లను షావుకార్లు ముంచుతున్నారనే గిరిజన సహకార సంస్థ 1956లో వచ్చింది. సర్కారుకే తెలిసిన ఈ సంగతి ఆదివారం పాఠాల పట్టికలో ఆమోసుకు దక్కే ఆదివారాల కన్నా ఎక్కువసార్లు చెప్పుకోదగ్గది.

గ్రంథానికీ చింతూరుకూ మధ్య దూరమే లేని చోటు ఒకటుంది. అదీ క్రైస్తవ గ్రంథంలోనే, అదీ మాంసం గురించి. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో 8 నుంచి 10 అధ్యాయాలు విగ్రహాలకు అర్పించిన వాటిని తినవచ్చా అనే పేచీకి పౌలు రాసిన జవాబు. కోస్తా పట్నాల్లో ఈ భాగం ప్రసాదం పుచ్చుకోవచ్చా కూడదా అనే ఒక్క ప్రశ్నకు కుదించుకుపోయింది, జవాబూ ఒక్క ముక్కలో తేలిపోతుంది. కొండల్లో అది తేలదు. భూమి పండుగనాడు విత్తనాలకు కోడి నెత్తురు తగిలించి ఊరంతా పంచుకుంటారు. కొత్తల పండుగ కాకుండా కొత్త పంట నోట పెట్టరు. వేలుపు కొలుపులో కోసిన మాంసాన్ని పోగులు వేసి ఇంటింటికీ వాటా పంపుతారు. ఆ పోగు తీసుకోవడమంటే ఇంటి వరసలో తానూ ఉన్నట్టు. వద్దంటే పేరు కొట్టేసినట్టు. దేవుణ్ణి నమ్ముకున్న ఇంటికి అన్నదమ్ముల ఇంటి నుంచి పోగు వచ్చింది. ఏం చేయాలి?

పౌలు దీన్ని సూత్రంతో తెంచేయలేదు. విగ్రహం వట్టిదే అన్నాడు. కటికవాడి దుకాణంలో అమ్మేదాన్ని ఏ విచారణా లేకుండా కొనుక్కు తినమన్నాడు. నమ్మనివాడు భోజనానికి పిలిస్తే వెళ్లి పెట్టింది తినమన్నాడు. ఇది అర్పించిందని ఎవరైనా నోరు తెరిచి చెబితే మాత్రం, నీ మనస్సాక్షి కోసం కాదు, అతని మనస్సాక్షి కోసం మానమన్నాడు. గుడిలో పంక్తిలో కూర్చోవడం మాత్రం కుదరదన్నాడు. ఇన్ని మలుపులున్న సలహాను ఇక్కడి సంఘాలు చాలావరకు ఒక్క కట్టడిగా మార్చుకున్నాయి: ముట్టొద్దు. కొత్తగా వచ్చినవాడికి మలుపుల కన్నా కట్టడి సులువన్నది నిజం. ఈ రోజు పోగు తీసుకున్నవాడు రేపు పూజారి పక్కన కూర్చుంటాడేమోనని పాస్టరుగారు భయపడటమూ నాకు అర్థమవుతుంది. అయినా పౌలు అంత శ్రమపడి విడమరిచినదాన్ని మళ్లీ ముడి వేసేస్తే ఎట్లా? సంతలో కొన్న మాంసానికీ తమ్ముడి ఇంటి నుంచి వచ్చిన పోగుకూ గుడి పంక్తికీ ఆయన చూపిన తేడాలు కొరింథు పట్టణవాసి కన్నా కోయ గూడెంలోని వదినకే త్వరగా అర్థమవుతాయి. ఆమె రోజూ మసిలేది ఆ తేడాల మధ్యనే.

మాంసం దుకాణం మన భారతంలోనూ ఉంది. ఆరణ్యపర్వంలో కౌశికుడనే బ్రాహ్మణుడు, తన మీద రెట్ట వేసిన కొంగను చూపుతోనే కాల్చేసినవాడు, ఒక ఇల్లాలు చెప్పిన మాటకు తల వంచి మిథిలకు వెళ్తాడు. అక్కడ ధర్మం నేర్పేది అంగట్లో మాంసం అమ్మే వ్యాధుడు. రోజువారీ బతుకే ధర్మక్షేత్రమని చెప్పడానికి ఇంతకన్నా ధైర్యమున్న కథ మరో చోట దొరకడం కష్టం. కాకపోతే కథే కాస్త సర్దుకుంది. తాను జీవాన్ని చంపడని, మాంసం తినడని వ్యాధుడి చేతే చెప్పించింది. ప్రవచనకర్త ఇంకాస్త సర్దుతాడు. వ్యాధుడు తల్లిదండ్రులకు చేసే సేవ దగ్గర గంట గడుపుతాడు, కత్తిపీట దగ్గర రెండు నిమిషాలు. పాస్టరుగారు కొరింథు అంగడి ముందు, శాస్త్రిగారు మిథిల అంగడి ముందు నిలబడి, ఇద్దరూ మాంసం మాట తప్ప అన్నీ మాట్లాడతారు. ఇంత చుట్టరికం ఉన్నవాళ్లు ఒకరి సభకు ఒకరు వెళ్లకపోవడం విచిత్రం.

తాగుడు దగ్గర మాత్రం ప్రసంగం తడబడదు. జీలుగు కల్లు ఈ కొండల్లో కేవలం తాగే వస్తువు కాదు. పెళ్లిమాటకూ, తగాదా తీర్పుకూ, చనిపోయిన పెద్దలకు పోయడానికీ అదే. ఇప్పసారా సంగతీ అంతే. అది మానేయమనడం అంటే సగం మర్యాదలు మానేయమనడమే. అయినా వేల ఇళ్లు మానాయి, తునికాకు డబ్బు పిల్లల పుస్తకాలదాకా చేరింది. ఈ విజయాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లు ఆ ఇళ్ల ఆడవాళ్లను అడగాలి. అటువైపు పురాణంలో సామగ్రికేం కొదవ లేదు. కచుడి బూడిద కలిపిన మద్యం తాగి శిష్యుణ్ణే కడుపులో వేసుకున్న శుక్రాచార్యుడు మద్యాన్ని శపించాడు. మౌసలపర్వంలో యాదవులు తాగి, తుంగకర్రలతో కొట్టుకుని కులమంతా నాశనమయ్యారు. కానీ ప్రవచనం విన్నాక తాగుడు మానినవాడికి నిలబడటానికి ఒక గుంపు లేదు, ప్రసంగం విన్నవాడికి ఉంది. వారం వారం సాక్ష్యం చెప్పాలి, జారితే నలుగురూ ఇంటికొచ్చి మోకరిస్తారు. అన్వయం పనిచేసేది వక్త గొప్పతనం వల్ల కాదని, వెనక నిలిచే సంఘం వల్లనని ఇక్కడ తెలుస్తుంది. కానీ కానా పెళ్లిలో నీళ్లు ద్రాక్షారసమైన కథ వచ్చినప్పుడు, అది పులియని రసమని నిరూపించడానికి కొందరు పడే పాట్లు చూస్తే నాకు మాత్రం నవ్వాగదు. సూదిబెజ్జం ద్వారం కట్టిన మేస్త్రీలే ఇక్కడా పనికి దిగారు.

ఇంతసేపూ రెండు గ్రంథాల మాటే చెప్పాను. వినేవాడికి మూడోది ఉంది. డోలి కోయల నోట, వేలుపుల చరిత్రలో, పడిగె గుడ్డ మీది బొమ్మల్లో నడిచే కోయ పురాణం అది. 2022లో పద్మశ్రీ అందుకున్న సకిని రామచంద్రయ్య డోలు వాయిస్తూ పాడినది ఆ గ్రంథంలోని ఆకులే. దాని ముందు మన రెండు సంప్రదాయాలూ రెండు రకాలుగా ప్రవర్తించాయి. పురాణం దాన్ని తనలో కలిపేసుకోవాలని చూస్తుంది. సమ్మక్క శక్తి అంశ అంటుంది, శబరి కోయ ఆడబిడ్డ అంటుంది, వేలుపుకు దేవత పేరు తగిలిస్తుంది. ప్రసంగం కంచె కడుతుంది. అవి పాత సంగతులు, వాటిని వదిలి రమ్మంటుంది. కలుపుకోవడం మర్యాదగా కనిపిస్తుంది కానీ కలిసినదానికి సొంత గొంతు మిగలదు. కంచె కరుకుగా కనిపిస్తుంది కానీ అవతల ఉన్నది వేరేదని ఒప్పుకుంటుంది. ఎవరు ఎక్కువ గౌరవించారో తేల్చడం నాకు చాతకావడం లేదు. ఒకటి మాత్రం గమనించాను. ఊళ్లోవాడే వాక్యం చెబుతూ, తెలుగు వాక్యం వెనక కోయ వాక్యం కలిపి నడుపుతున్నప్పుడు, కథ చెప్పే ఎత్తుగడా, ఆపే చోటూ, ఆడవాళ్ల చేత ఊఁ కొట్టించే తీరూ డోలివాళ్లవే. కంచె కట్టినవాడి గొంతులోనే అవతలి పాట ఉంది.

ఇప్పుడు ఇద్దరూ ఫోనులోకి వచ్చేశారు. హైదరాబాదు నుంచో గుంటూరు నుంచో వచ్చే ప్రవచనంలోనూ సందేశంలోనూ అన్వయమంతా అపార్టుమెంటు మనిషికే. ఇంటి అప్పు, పిల్లాడి ర్యాంకు, అమెరికా వీసా. చింతూరులో సిగ్నలు దొరికిన చోట నిలబడి వినేవాడు ఇంకెవరికో రాసిన ఉత్తరాన్ని చదువుకుంటున్నట్టే. దీని గురించి ఇంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు.

చెప్పాల్సింది రెండు వైపులా చెప్పకుండా దాటేస్తున్న కథల గురించి. 2014లో ఆంధ్రలో కలిపిన ముంపు మండలాల్లో చింతూరు ఒకటి. పోలవరం నీళ్లు 45.72 మీటర్ల మట్టానికి నిలిస్తే శబరి వెనక్కి తన్ని ఎన్ని గూడేలను ముంచుతుందో ఇక్కడ పిల్లలు కూడా వేళ్ల మీద చెబుతారు. భూమికి భూమా, డబ్బా, కాలనీలో ఇల్లా అనేదే ఏళ్ల తరబడి ఇంటింటి మాట. ఈ మాట బైబిల్లో అచ్చంగా ఉంది. మొదటి రాజుల గ్రంథం 21వ అధ్యాయంలో అహాబు రాజు నాబోతును అతని ద్రాక్షతోట అడిగాడు. దానికన్నా మంచి తోట ఇస్తాను, కాదంటే వెల కట్టి సొమ్మిస్తాను అన్నాడు. నాబోతు పితరుల స్వాస్థ్యం ఇవ్వనన్నాడు. తర్వాత రాజముద్ర వేసిన ఉత్తరాలు ఊరిపెద్దలకు వెళ్లాయి, ఉపవాసదినం చాటించారు, అబద్ధసాక్షులు లేచారు, నాబోతును రాళ్లతో కొట్టి చంపారు. ఏజెన్సీలో గిరిజనేతరుడికి భూమి బదిలీ చెల్లదన్న 1/70 చట్టం ఉన్న నేలలో ఈ అధ్యాయానికి వ్యాఖ్యానమే అక్కర్లేదు. కానీ ఇది వినిపించేది తక్కువ. వినిపించినప్పుడూ యెజెబెలు అనే చెడ్డ భార్య గురించి వినిపిస్తుంది, భూమి గురించి కాదు.

భారతంలో దీనికి సరితూగేది ఆదిపర్వంలోని ఖాండవదహనం. అగ్నికి ఆకలేసింది, కృష్ణార్జునులు కాపు కాశారు, పారిపోయే ప్రాణుల్ని మళ్లీ మంటల్లోకి తోశారు. ఆ అడవిలో బతికి బయటపడింది ఆరుగురే. ప్రవచనాల్లో దీన్ని గాండీవం ఎలా వచ్చిందో, మయసభ ఎలా కట్టారో చెప్పడానికి మెట్టుగా వాడుకుని దాటేస్తారు. ఆ ఆరుగురిలో నలుగురు రెక్కలు రాని శార్ఙ్గకాలనే పక్షిపిల్లలు. మంట దగ్గరికొస్తుంటే తల్లి జరిత, ఎలుక కన్నంలో దూరండి, పైన మట్టి కప్పుతానంటుంది. పిల్లలు వద్దంటారు. కన్నంలో ఎలుక ఉంటుంది, అది తింటుంది, దానికన్నా మంట మేలు అంటారు. ఆ ఎలుకను డేగ ఎత్తుకుపోయిందమ్మా అని తల్లి చెబుతుంది. ఇంకో ఎలుక ఉండదని నమ్మకమేమిటని పిల్లలు అడుగుతారు. చివరికి తల్లిని ఎగిరిపొమ్మని, తామే అగ్నితో మాట్లాడుకుని బతుకుతారు.

నాబోతుకు గ్రంథం ఒక్క మాటే ఇచ్చింది, ఆ మాటకు ప్రాణం తీసుకుంది. ఆ తర్వాత తిష్బీయుడైన ఏలీయా అదే తోటలో రాజు ఎదుట నిలబడి అడగాల్సింది అడిగాడు. శార్ఙ్గకాలకు గ్రంథం పేజీల కొద్దీ వాదన ఇచ్చి, బతికించింది. అయితే వాటి పక్షాన అడవిని గురించి అడగడానికి ఏలీయాలాంటివాడెవరూ రాలేదు. కాలనీ ఇళ్లు చూడటానికి వెళ్లి వచ్చిన గూడెంలో ఒక ఆదివారం పాస్టరుగారు మొదటిది చదివి, ఒక శ్రీరామనవమి పందిట్లో శాస్త్రిగారు రెండోది చెబితే, ఆ కన్నంలో ఎలుక ఉందా లేదా అన్న ప్రశ్నను ఎవరి వైపు తిప్పాలో వినేవాళ్లకు విడిగా అన్వయించి చెప్పక్కర్లేదు.